మీటరు ఎవరి పేరున

ఫిబ్రవరి 2, సోమవారం

డ్యూటీ నుంచి వచ్చేసరికి గేటు సందులో ఒక కాగితం దూర్చి ఉంది. మా కాలనీలో కరెంటు మీటర్లు మారుస్తారట. కొత్తవి స్మార్ట్ మీటర్లు, ప్రీపెయిడ్. ఫోన్‌కు వేయించుకున్నట్టే ముందు డబ్బు వేసుకుని తర్వాత వాడుకోవాలి. ఇప్పటికైతే ఇష్టమున్నవాళ్ళకే. వద్దంటే పాత మీటరే ఉంటుంది. నెలాఖరులోగా ఏదో ఒకటి చెప్పమన్నారు.

చదివి అత్తమ్మకు చెప్పాను. టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే "వద్దు" అన్నారు.

"ఎందుకొద్దు అత్తమ్మా?"

"ఉన్నది మంచిగ తిరుగుతుంది గదా. దాన్నెందుకు కదిలిచ్చుడు?"

నాకూ తొందరేం లేదు. ఎలాగూ బిల్లు కట్టేది నేను కాదు, ఆయన. ఆయన్ని అడిగి చెప్తే సరిపోతుంది.

ఫిబ్రవరి 5, గురువారం

ఆయనకు ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయాను. పాశమైలారంలో వాళ్ళ కంపెనీలో నైట్ షిఫ్టులు ఎక్కువ. పగలు పడుకుంటారు. అందుకే కదా అక్కడే రూము తీసుకున్నది. నిద్ర లేపడం ఎందుకు?

జెన్నిఫర్ లెక్కలు చేసుకుంటూ ఉన్నట్టుండి అడిగింది. "మమ్మీ, మన కిష్టారెడ్డిపేట నుంచి పాశమైలారం అంత దూరమా?"

"ఆటోలు మారాలె."

"డాడీకి బండి ఉంది గదా."

పరీక్షలు దగ్గరికొచ్చాయి, పుస్తకం చూడమన్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి పార్కు స్థలంలో షామియానా వేసి ఉంది. కరెంటు ఆఫీసు నుంచి ఒక సారు వచ్చాడు. పక్కన మా లైన్‌మన్ పాండు కొత్త మీటరును పెళ్ళి కానుకలా రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు.

సారు అన్నీ వివరంగానే చెప్పాడు. ఏ రోజు ఎంత వాడామో ఫోన్‌లో కనిపిస్తుంది. డబ్బు తగ్గుతుంటే మెసేజ్ వస్తుంది. అయిపోతే కరెంటు ఆగుతుంది, రాత్రిపూట మాత్రం ఆపరు.

మా పక్కింటి నర్సింహులన్న లేచాడు. ఈ ప్లాట్లన్నీ ఒకప్పుడు వాళ్ళ చెలక భూములే. ఇప్పుడు గదులు కట్టి కిరాయికి ఇచ్చుకుంటున్నాడు. మాట ఎప్పుడూ గట్టిగానే ఉంటుంది.

"సారూ, నా జేబులకెళ్ళి పైసలు ముందుగాల్నే గుంజుకుంటిరి. ఇగ నేను వాడుకున్ననా లేదా ఎవడు సూడొచ్చిండు?"

"మీరే చూసుకోవచ్చండీ, ఫోన్‌లో."

"నాకు కండ్లే సరిగ కనవడవు. ఫోన్ల ఏం సూస్త?"

అందరూ నవ్వారు. కిరాయిలన్నీ ఆ ఫోన్‌లోనే వసూలు చేసుకుంటాడని అందరికీ తెలుసు.

మీటింగు అయ్యాక నేను సారును అడిగాను. "సర్వీసు మా ఆయన పేరు మీదున్నది. ఎబెనేజర్ అని. ఆయనిక్కడ ఉండరు, డ్యూటీ కోసం వేరే దగ్గరుంటరు."

"అయితే ఆయన సంతకం కావాలమ్మా. ఆయన ఫోన్ నంబరు ఇవ్వాలి. లేదంటే మీ పేరుకు మార్పించుకోండి. దానికీ ఆయన సంతకం కావాలి."

ఇంటికొచ్చి అన్నం వండుతూ ఆలోచించాను. ఆయన నంబరు ఇస్తే ఈ ఇంటి కరెంటు ఆయన ఫోన్‌లో కనిపిస్తుంది. ఎండలు ముదిరి కూలరు వేస్తే కనిపిస్తుంది. జెన్నిఫర్ చదువుతూ లైటు ఎక్కువసేపు ఉంచితే కనిపిస్తుంది. రోజూ చూడకపోయినా, ఎప్పుడో ఒకసారి టీ తాగుతూనో, కంపెనీ గేటు దగ్గర నిలబడినప్పుడో చూస్తారు.

ఆ ఆలోచన నాకు బాగుంది.

ఫిబ్రవరి 12, గురువారం

ఫోన్ చేశాను. ఎత్తలేదు. షిఫ్టులో ఉన్నారేమో.

ఫిబ్రవరి 13, శుక్రవారం

తిరిగి చేయలేదు. ఫోన్ చూసుకుని ఉండరు.

ఫిబ్రవరి 18, బుధవారం

ఈరోజు నుంచి శ్రమదినాలు, ఈస్టరుకు ముందు నలభై రోజుల ఉపవాసాలు. అత్తమ్మ పొద్దుటి నుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు. ఈ వయసులో వద్దంటే వినరు.

సాయంత్రం మీటరు రీడింగు అబ్బాయి వచ్చి చీటీ ఇచ్చి వెళ్ళాడు. నేను మొదట చూసేది పాత బాకీ దగ్గరే. బాకీ ఏమీ లేదు. అంటే పోయిన నెలది కట్టారు.

అత్తమ్మ నా ముఖం వైపు చూస్తున్నారు. "కట్టిండు గదా? నా కొడుకు మర్శిపోడు" అన్నారు.

వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ అన్నారాయన, "కరెంటు బిల్లు నేను సూసుకుంటలే" అని. జెన్నిఫర్ ఫీజు, ఇంటి లోను, సరుకులు నా జీతంలో వెళ్ళిపోతాయి. అవి అడగలేదు, అడగబుద్ధి కాలేదు. ఇది మాత్రం తప్పకుండా కడుతున్నారు. ఇంటిని పూర్తిగా మరిచిపోయిన మనిషి నెలనెలా గుర్తుపెట్టుకుని బిల్లు కడతాడా? కట్టడు.

పోయినసారి చీటీ పారేయబోతుంటే చేయి రాలేదు. బీరువాలో పెట్టాను. దానికి ముందువి కూడా అక్కడే ఉన్నాయి.

ఫిబ్రవరి 22, ఆదివారం

జెన్నిఫర్‌కు కొత్త మీటరు బాగా నచ్చింది. వాళ్ళ నానమ్మ పక్కన కూర్చుని ఫోన్‌లో ఏదో చూపించబోయింది.

"గిట్ల నొక్కితే పైసలు పడతయి నానమ్మా. నువ్వు గూడ ఎయ్యొచ్చు."

"నా ఫోన్ల గట్లాంటివి రావు."

"నేనేస్త గదా."

"నువ్వు సదువుకో. పైసల సంగతి పిల్లలకెందుకు? పైసలు అయిపోయి ఎండకాలం పగటీలి ఫ్యాను బందైతే మీ అమ్మ డ్యూటీలుంటది. ఎవరు సూస్తరు?"

"మెసేజ్ వస్తది."

"మెసేజ్‌తోని గాలొస్తదా?"

జెన్నిఫర్ పగలబడి నవ్వింది. అత్తమ్మ నవ్వలేదు. చిన్న సంగతికి ఇంత పట్టు ఎందుకో అర్థం కావడం లేదు. ఈమధ్య దేనికీ అడ్డు చెప్పని మనిషి. పింఛను డబ్బులు ఏం చేస్తున్నారని కూడా నేనెప్పుడూ అడగలేదు, చర్చి కానుకకు ఇస్తారనుకుంటాను. చీర కొనుక్కోమంటే కూడా కొనుక్కోరు. వయసు మీద పడితే కొత్త వస్తువంటే భయమేమో.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పాండు వీధిలో కనిపించి గడువు మార్చి మధ్యదాకా పెంచారని చెప్పాడు. నర్సింహులన్న అరుగు మీద కూర్చుని ఉంటే ఆయన్ని కూడా అడిగాను.

"అన్నా, మీరు తీసుకుంటున్రా?"

"నా సంగతి వదిలెయ్ పుష్పమ్మా. మీ అత్తమ్మ ఏమంటున్నది?"

"వద్దంటున్నది."

"అయితే వద్దులే. పెద్దమనిషి. ఆమె మాట కాదనకు."

అంత మెల్లగా మాట్లాడటం ఆయన దగ్గర నేనెప్పుడూ వినలేదు. ఆ మాట అంటూ చెప్పుల వైపు చూసుకున్నాడు. మీటింగులో అంత గొడవ చేసిన మనిషి, నేను ఇంకేదైనా అడుగుతానేమోనన్నట్టు లేచి లోపలికి వెళ్ళాడు.

మార్చి 3, మంగళవారం

మళ్ళీ ఫోన్ చేశాను. ఈసారి ఎత్తారు. వెనక ఎవరో హిందీలో మాట్లాడుకుంటున్నారు. మీటరు సంగతి చెప్తే "శనారం రా, సంతకం పెడత" అన్నారు. ఎలా ఉన్నారని అడిగాను. "మంచిగనే ఉన్న" అన్నారు. నేనెలా ఉన్నానో అడగలేదు. అడగబోయే లోపు లైను కట్ అయిందేమో.

శనివారం నాకు మొదటి షిఫ్టు. మధ్యాహ్నానికి అయిపోతుంది. ఆకుపచ్చ చీర ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను.

మార్చి 7, శనివారం

పాశమైలారం వెళ్ళాను. సంతకం పెట్టారు.

మార్చి 8, ఆదివారం

నిన్న రాయలేకపోయాను. ఈరోజు చర్చికి వెళ్ళలేదు. తలనొప్పి అన్నాను. అత్తమ్మా జెన్నిఫరూ వెళ్ళారు. ఇల్లు ఖాళీగా ఉంది కాబట్టి రాసుకుంటాను.

ఇస్నాపూర్ దగ్గర దిగి షేర్ ఆటో ఎక్కాను. కంపెనీల వెనక వీధి. మూడంతస్తుల్లో వరసగా గదులు, ప్రతి గుమ్మం ముందూ బకెట్లు, దండేల మీద కంపెనీ యూనిఫాంలు. అందరూ ఒడిశా వాళ్ళు, బీహారు వాళ్ళు. ఆయన పైఅంతస్తులో నల్లా దగ్గర బట్టలు ఉతుక్కుంటున్నారు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఒక రుమాలు కూడా ఉతకలేదు.

"వచ్చినవా? కూర్సో" అని చేతులు తుడుచుకుని గదిలోకి తీసుకెళ్ళారు.

నా కళ్ళు గదంతా వెతికాయి. ఆడమనిషి వస్తువు ఏదైనా కనిపిస్తుందేమో అని. సిగ్గేసినా వెతికాను. ఏమీ లేదు. ఒక చాప, ఒక స్టవ్వు, గోడకు బైబిలు వాక్యాల క్యాలెండరు, కిటికీలో కడిగి బోర్లించిన గ్లాసు. అంతా శుభ్రంగా ఉంది. ఒంటరి మనిషి గది. ఇంకెవరైనా ఉండి ఉంటే తిట్టడానికైనా ఉండేది.

కాగితాలు తీసి చెప్పాను. "మీటరు మీ పేరు మీదనే ఉంచి మీ నంబరియ్యమంటరా? నెలనెలా మీరే కడుతున్రు గదా."

"ఏంది కట్టేది?"

"కరెంటు బిల్లు."

ఆయన నా వైపు చూశారు. ఆ చూపులో దొంగతనం లేదు, నిజంగానే అర్థం కాలేదు.

"నేను కడ్తలేను పుష్పా. మొదట్ల కట్టిన. తర్వాత ఒక నెల మర్శిపోయిన. సూస్తే ఎవరో కట్టినట్టు మెసేజ్ అచ్చింది. నువ్వే కట్టినవనుకున్న. అప్పటిసంది అట్లనే నడుస్తున్నది."

స్టవ్వు మీద ఆయన టీ పెట్టారు. మరిగేదాకా ఇద్దరం దాన్నే చూశాం.

తర్వాత, ఇన్నాళ్ళూ అడగనిది అడిగాను. "ఇంటికి రారా?"

"ఇక్కడ మంచిగుంది."

"నేనేమన్న జేసిన్నా?"

"లేదు. నువ్వేం జెయ్యలే. ఎవ్వరేం జెయ్యలే. నాకే ఆ ఇంట్ల ఊపిరాడకపోతుండె. పొద్దుందాక మెషీన్లు, ఇంటికొస్తే లోను, పిల్ల, అమ్మ దగ్గు... అందరు నా దిక్కే సూస్తుంటే ఎటన్న పోవాలనిపిస్తుండె. ఇక్కడ నన్నెవరేం అడుగరు. కంటినిండ నిద్రొస్తుంది."

ఎంత నెమ్మదిగా చెప్పారో. కోపంతో చెప్పి ఉంటే నేను కూడా అరిచేదాన్ని. నేనూ మెషీన్ల దగ్గర నుంచే వస్తాను, నాకూ ఊపిరాడని రోజులున్నాయి అని చెప్పాలనుకున్నాను. చెప్పలేదు. ఆయన ముఖం నిజంగానే తేటగా ఉంది. పదేళ్ళ కింద చుట్టాల పెళ్ళిళ్ళలో నవ్వుతూ కనిపించే ముఖం.

"అమ్మకు దగ్గు తగ్గిందా?"

"వచ్చి సూసుకోవచ్చు గదా" అన్నాను.

తల వంచుకుని సంతకం పెట్టారు. పేరు మార్పు కాగితం మీద కూడా పెట్టమంటే దాని మీదా పెట్టారు. చదవలేదు.

ఆయన రూము తీసుకున్నది షిఫ్టుల కోసం కాదు. వెళ్ళిపోయారు. ఇది నేను ఇక్కడ ఇంతకు ముందు రాయలేదు. ఎవరూ చదవని చోట కూడా రాయలేదు. సుల్తాన్‌పూర్‌లో మా కంపెనీలో రోజంతా దీపం కింద సిరంజీలు తిప్పి తిప్పి చూస్తాను, సన్నగీత కనిపించినా తీసి పక్కన పెడతాను. అది జీతం కోసం. ఇంటి సంగతి అంత దగ్గరగా చూడబుద్ధి కాలేదు.

ఎబెనేజర్ కట్టలేదు. నేను కట్టలేదు. ఈ ఇంట్లో చేతిలో డబ్బు పడేది ఇంకొక్కరికే.

గేటు చప్పుడైంది. వచ్చినట్టున్నారు.

మార్చి 9, సోమవారం

ఏమీ అడగలేదు.

మార్చి 10, మంగళవారం

ఈరోజూ అడగలేదు. అన్నం పెట్టినప్పుడు ఆమె చేతుల వైపు చూశాను.

మార్చి 12, గురువారం

వారం సెలవు నాకు ఈసారి గురువారం పడింది. జెన్నిఫర్ స్కూలుకు వెళ్ళింది. అత్తమ్మ వరండాలో గోనెసంచి పరిచి చింతపండు కొట్టి గింజలు తీస్తున్నారు. నేనూ పక్కన కూర్చుని ఈనెలు లాగడం మొదలుపెట్టాను. కాసేపయ్యాక అడిగాను.

"అత్తమ్మా, కరెంటు బిల్లు ఎవరు కడుతున్రు?"

"వాడే."

"నేను శనారం పాశమైలారం పోయొచ్చిన."

చేతిలో రాయి ఆగింది. తల ఎత్తకుండానే అడిగారు.

"వాడు మంచిగున్నడా?"

"మంచిగనే ఉన్నడు."

"బక్కగైండా?"

"లేదు."

"వండుకుంటుండా, బయట తింటుండా?"

"వండుకుంటుండు."

తల ఊపారు. తర్వాత చింతపండు వైపు చూస్తూనే చెప్పారు.

"ఒక నెల బాకీ అని చీటీ అచ్చింది. నువ్వు డ్యూటీకి పోయినవ్. నర్సిములుకు పింఛను పైసలిచ్చి ఆయన ఫోన్ల కట్టిపిచ్చిన. ఆ చీటీ నీకు కనవడకుంట పొయ్యిల ఏసిన. వాడు మర్శిపోయిండు, మల్ల నెల కడతడు అనుకున్న. మల్ల నెల గూడ కట్టలే. ఎవరికి సెప్పద్దని నర్సిములు దగ్గర మాట తీసుకున్న."

"నాకెందుకు సెప్పలే?"

"నువ్వు చీటీ సూసి, కట్టిండత్తమ్మా అని సంబురపడుతుంటివి. ఆ దినం ఇంత ఎక్కువ తింటుంటివి. ఎట్ల సెప్పాలె?"

"అందుకేనా?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకున్నారు. చింతపండు జిగురు అంత తేలిగ్గా పోదు, తుడుస్తూనే ఉన్నారు.

"అందుకే కాదు. వాడు ఈ ఇంటికేమన్న కడుతున్నడంటే, వాని తల్లిని నేను ఈడ ఉండొచ్చు. వాడే తెంపుకొని పోయిండని నీకు తెలిస్తే ఇగ నేనెవరిని? నాకింకో కొడుకు లేడు. బిడ్డున్నదంటే, ఆమె అత్తగారింట్ల ఎన్ని దినాలుంట? అందుకే గా కొత్త మీటరు వద్దన్న. అది అస్తే అంత బయటవడతదని."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు అని రాయబోయాను. ఆమె మీదే. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచి ఒకే గిన్నెలో వండుకుని తింటున్నాం. నన్ను అంతేనా అనుకున్నది అని.

"యాడికన్న పంపుతనంటే పంపు" అన్నారు. "సంగారెడ్డిల మన సంఘపోళ్ళ ముసలోళ్ళ ఇల్లు ఉన్నదంట. పాస్టరయ్యను అడుగుత."

"చింతపండు సగం గూడ గాలే, ఎక్కడికి పోతరు?" అన్నాను. గొంతు నేను అనుకున్న దానికన్నా గట్టిగా వచ్చింది.

ఆమె నా ముఖంలోకి చూశారు. ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. కొట్టని కాయల కుప్పలో సగం నా వైపు జరిపారు.

మధ్యాహ్నం దాకా ఇద్దరం కొడుతూనే ఉన్నాం. మధ్యలో ఒకసారి మాత్రం అన్నాను. "మీరు ఈడనే ఉంటరు. ఆయన తల్లి అని కాదు." అంతకన్నా బాగా చెప్పడం నాకు రాలేదు. ఈ మాట ఎప్పుడో చెప్పి ఉంటే ఆమెకు నర్సింహులన్న గడప తొక్కే అవసరం ఉండేది కాదు.

మార్చి 14, శనివారం

జెన్నిఫర్‌కు చెప్పాను, డాడీ ఇక్కడికి రారని. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది.

"పరీక్షలైనంక నేనొకసారి పోయి కలుస్త."

"పో. ఎట్ల పోవాలో నేను సెప్త."

"నువ్వు రావా?"

"రాను."

మార్చి 15, ఆదివారం

రేపే గడువు. పాత మీటరే ఉంచుకోవచ్చు. ఎవరూ బలవంతం చేయడం లేదు.

మంచీ చెడూ నిదానంగా ఆలోచించాను. ముందే డబ్బు వేయడమంటే నాకు ఇప్పటికీ ఇష్టం లేదు. జీతం ఆలస్యమైన నెలలో ఏం చేయాలి? పాత మీటరు అయితే నాలుగు రోజులు ఓపిక పడుతుంది. కొత్తది పట్టదు. నర్సింహులన్న భయంలో తప్పేమీ లేదు.

కానీ పాత మీటరులో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఎవరు కట్టారో తెలియకుండా నెలలకు నెలలు గడిచిపోతాయి. దీపం వెలుగుతుంది కాబట్టి ఎవరో చూసుకుంటున్నారనుకుని బతికేయొచ్చు. నేను అలా బతికాను. ఇగ వద్దు. ఎంత ఉందో, ఎప్పుడు అయిపోతుందో, ఎవరు వేయాలో నాకు తెలియాలి.

నా పేరుకు మార్పించి కొత్తదే పెట్టించుకుంటానని అత్తమ్మకు చెప్పాను.

"పెట్టియ్. కని పైసలు నేనేస్త."

వద్దనబోయి ఆపుకున్నాను. "సగం మీరు, సగం నేను" అన్నాను.

"ఎండకాలం కూలరేస్తే?"

"అప్పుడు గూడ సగం సగమే."

ఆలోచించి "సరే" అన్నారు. బేరం కుదిరిన మనిషిలా నడుం నిటారుగా చేసి కూర్చున్నారు. అప్పుడే వంటింట్లో లైటు ఎవరు వదిలేశారని జెన్నిఫర్‌ను కేకేశారు.

మార్చి 16, సోమవారం

కాగితాలు ఇచ్చేశాను. బీరువాలో చీటీలు తీసి పాత పేపర్లలో కలిపేశాను.

మార్చి 24, మంగళవారం

పాండు కొత్త మీటరు తెచ్చాడు. మెయిన్ ఆపగానే ఫ్యాన్లు, ఫ్రిజ్జు ఆగిపోయి ఇల్లంతా నిశ్శబ్దమైంది. వీధిలో ఉల్లిగడ్డల బండి వాడి మైకు ఒక్కటే వినిపిస్తోంది. నర్సింహులన్న గోడవతల నుంచి తొంగి చూసి, "మొత్తానికి పెట్టిపిస్తున్నవా పుష్పమ్మా" అన్నాడు. ఆయన నాతో సరిగ్గా కళ్ళు కలిపి మాట్లాడి చాలా రోజులైంది. "నువ్వు ఫోన్ల కట్టుడు నాకు నేర్పియ్యాలన్నా" అన్నాను. "దానికేముందమ్మా" అని గట్టిగా నవ్వేశాడు.

పాండు పాత మీటరు విప్పి కింద పెట్టాడు. అది ఉన్న చోట గోడ మీద పాత రంగు చతురస్రంగా మిగిలింది. కొత్తది బిగించి, వైర్లు కలిపి, ఫోన్‌లో నా వివరాలు నింపుతూ ఒక్కొక్కటే అడిగాడు. పేరు. ఫోన్ నంబరు. ఇంట్లో ఏమేం ఉన్నాయి. ఫ్రిజ్జు, కూలరు, మోటరు.

"ఇంట్ల ఎందరుంటరమ్మా?"

నేను నోరు తెరిచాను. ఇన్నాళ్ళూ ఎవరడిగినా వెంటనే వచ్చే "నలుగురం" అనే జవాబే, నాలుక మీదికి వచ్చి ఆగింది.

గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చున్న అత్తమ్మ చెప్పారు.

"ముగ్గురం బిడ్డా. నేను, నా కోడలు, నా మన్మరాలు."

పాండు నింపుకుని మెయిన్ వేశాడు. ఫ్యాను మెల్లగా తిరగడం మొదలైంది. అత్తమ్మ స్టూలు మీంచి లేచి, గోడ పట్టుకుని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నారు. నేను వెంటనే వెళ్ళలేదు. జెన్నిఫర్ వెళ్ళబోతే చేయి పట్టుకుని ఆపాను.